రెండో గడిలో సంతకం

నాకు ముక్కు మీదే కోపం. ఇది మొదటే ఒప్పేసుకుంటే తక్కినదంతా చెప్పడం సులువు. ఇంట్లోవాళ్లకూ తెలుసు, కాలేజీలో వాళ్లకూ తెలుసు. ఇరవై ఏళ్లుగా నా దగ్గర కెమిస్ట్రీ చదువుకున్న పిల్లలకైతే చెప్పనే అక్కర్లేదు. చాక్‌పీసు విరిగిన చప్పుడు వినబడగానే ముందు బెంచీ వాళ్లు పుస్తకాలు సర్దుకునేవారు.

సంగారెడ్డిలో ఒక డిగ్రీ కాలేజీలో పని చేసేదాన్ని. వారమంతా మామూలు పిల్లలకు పాఠాలు. ఆదివారం అవే గదుల్లో దూరవిద్య స్టడీ సెంటర్ నడిచేది. ఉద్యోగం చేసుకుంటూ డిగ్రీ చదివేవాళ్ల కోసం యూనివర్సిటీ పెట్టిన సెంటర్ అది. నేను చెబుతున్నది రెండు వేల ఏడు, ఎనిమిది ప్రాంతంలో సంగతి. ఔటర్ రింగ్ రోడ్డు కోసం కొల్లూరు వైపు పొలాల్లో మట్టి పోస్తున్న రోజులు.

ఫైనలియర్ కెమిస్ట్రీకి రిజిస్టర్లో పదకొండు పేర్లు ఉండేవి. ఏ ఆదివారం చూసినా బెంచీల మీద నలుగురో ఐదుగురో. అందరూ పటాన్‌చెరు, బొల్లారం, గుమ్మడిదల ఫ్యాక్టరీల వాళ్లే. కొందరు డ్యూటీ దిగి సరాసరి యూనిఫారంతోనే వచ్చేవారు. మందుల కంపెనీ వాళ్లు పక్కనుంచి వెళ్తే, ఎంత సబ్బుతో రుద్దుకున్నా సరే, ఏ కంపెనీయో వాసనను బట్టి చెప్పగలిగేదాన్ని. వాళ్లు నిద్రమొహాలతో కూర్చుంటే నాకు ఒళ్లు మండేది. రానివాళ్ల మీద కోపం వచ్చినవాళ్ల మీద చూపించేదాన్ని. అది ఎంత అన్యాయమో అప్పుడు తోచలేదు.

ఒక ఆదివారం ఒక ఆమె వచ్చింది. అప్పటికి మూడు వారాలుగా ఆమె పేరు పక్కన గైర్హాజరు వేస్తున్నాను. ముప్పై ఏళ్లుంటాయి. గుమ్మడిదల దగ్గర పల్లె. ఇంట్లో మూడెకరాల చెలక, భర్త, ఇద్దరు పిల్లలు. టాబ్లెట్ల కంపెనీలో ప్యాకింగ్ పని.

“ఇన్ని ఆదివారాలు ఎక్కడ పోయినవమ్మా?” అన్నాను.

“డ్యూటీకి పోయిన మేడం. మాకు ఆదివారం సెలవు లేదు. బుధారం ఇస్తరు.”

“మరి బుధవారం చదివితే డిగ్రీ వస్తదా?”

ఆమె నవ్వలేదు, ఉడుక్కోలేదు. “గదే అడుగుదామని వచ్చిన మేడం,” అంది.

వెటకారానికి ఇంత నిదానంగా జవాబు చెప్పేవాళ్లంటే నాకు గౌరవం. క్లాసయ్యాక ఆగమన్నాను. అప్పుడు చెప్పింది. డిగ్రీలో అన్నీ అయిపోయాయట, నేను చెప్పే పేపరు ఒక్కటే మిగిలిందట. అది రెండుసార్లు తప్పింది. వచ్చే ఎండాకాలంలో కంపెనీ ల్యాబులోకి ముగ్గురిని తీసుకుంటారట. లోపల పనిచేసేవాళ్లకే ముందు అవకాశం, కానీ అప్పటికి కెమిస్ట్రీ డిగ్రీ చేతిలో ఉండాలట.

“ల్యాబులో జీతం బాగుంటదా?” అని అడిగాను.

“గది కూడ ఉన్నది మేడం. కని గందుకు కాదు.” తన చేతుల వైపు చూసుకుంటూ చెప్పింది. “మా కాడ ప్రతి కాయిదం మీద రెండు గడులుంటయి. ఒకటి పని చేసినోళ్లది. ఇంకోటి తనిఖీ చేసినోళ్లది. నేను గోళీల డబ్బాలు సరిసూసి మొదటి గడిల సంతకం పెడ్త. ల్యాబు నుంచి కెమిస్టు వచ్చి రెండో గడిల పెడ్తడు. ఆరేండ్ల సంది మొదటి గడిలనే పెడుతున్న. రెండో గడిల పెట్టాలె మేడం. అంతే.”

ఆ మాట నాకు చాలా నచ్చింది. చదువు ఎందుకని అడిగితే ఇంత సూటిగా చెప్పినవాళ్లు నా ఇరవై ఏళ్లలో లేరు. కానీ నచ్చినంత మాత్రాన బుధవారం పాఠం చెప్పలేను కదా. బుధవారం నాకు రోజంతా మామూలు క్లాసులు.

దారి చూపించింది మరో విద్యార్థి. బాయిలర్ దగ్గర పనిచేసే ఆయన. నలభై దాటాయి, నాకంటే రెండు మూడేళ్లు చిన్న అంతే. క్లాసులో అందరూ ఆయన్ని బాయిలరన్న అనేవారు. ఒకరోజు వరండాలో నన్ను ఆపి, “మేడం, నెట్ల ఒక సైటున్నది. నా బిడ్డ సూపెట్టింది. అండ్ల మన క్లాసుకు ఒక పేజీ పెట్టుకోవచ్చట. మీరు పాఠం అండ్ల రాస్తే, షిఫ్టు ఏదైతేంది, మాకు టైం దొరికినప్పుడు సదువుకుంటం,” అన్నాడు.

ఆ సైటు పేరెందుకు గానీ, అప్పట్లో కాలేజీ పిల్లలందరూ దాని మీద ఎగబడేవారు. ఒకరి గోడ మీద ఒకరు రాసుకోవడం, ఎవరు తమ పేజీ చూసి వెళ్లారో తెలుసుకోవడం, ఇదీ వాళ్ల సంబరం. అలాంటి చోట పాఠమా అనుకున్నాను. నా పక్క గదిలో ఫిజిక్స్ చెప్పే సారు మాత్రం ఈ సంగతి విని పగలబడి నవ్వాడు. “మేడం, పిల్లలు ప్రేమలేఖలు రాసుకునే కాడ మీరు పీరియాడిక్ టేబుల్ రాస్తరా?” అన్నాడు. ఆ మాటతో ఇక రాసి తీరాలనిపించింది. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. అది ఫిజిక్స్ సారుకూ తెలుసు.

పటాన్‌చెరు బస్టాండుకు ఎదురుగా ఉన్న సందులో ఒక నెట్ సెంటర్ ఉండేది. ప్లైవుడ్ గదులు, ఒక్కో దాంట్లో ఒక కంప్యూటర్, ఒక ప్లాస్టిక్ కుర్చీ. పనిచేసే మిల్లు మూతపడితే ఈ సెంటర్ పెట్టుకున్న ఒక పెద్దమనిషి దాన్ని నడిపేవాడు. ఆయనే నా పక్కన నిలబడి నా చేత ఐడీ తెరిపించాడు. “మేడం, ఫోటో జాగ ఖాళీగున్నది, మీది పెట్టుండ్రి,” అన్నాడు. నాది ఎందుకని ల్యాబులో వాడే బ్యూరెట్ గొట్టం బొమ్మ పెట్టాను. నచ్చిన వంటలు, నచ్చిన సినిమాలు, ఎలాంటి తోడు కోరుకుంటున్నారు అని ఆ సైటు అడుగుతూ పోయింది. ఒక్కోటీ దాటవేస్తూ మొత్తానికి కెమిస్ట్రీ పేజీ పెట్టాను. ఆ సైటులో మనుషులకు గుండె బొమ్మలు, ఐసు ముక్కల బొమ్మలు ఇచ్చే పద్ధతి కూడా ఉండేది. మొదటి వారంలో నాకు మూడు ఐసు ముక్కలు వచ్చాయి. ఎవరిచ్చారో తెలియదు. “చల్లని మనిషని ఇచ్చిన్రా, జెర చల్లబడుమని ఇచ్చిన్రా మేడం?” అన్నాడు ఫిజిక్స్ సారు.

వారానికి రెండు సాయంత్రాలు కాలేజీ నుంచి బస్సెక్కి పటాన్‌చెరు వెళ్లేదాన్ని. తెలుగు అక్షరాలు కొట్టే వీలు అక్కడ లేదు. ఇంగ్లీషు అక్షరాల్లోనే తెలుగు రాసేదాన్ని. బోర్డు మీద వేసిన బొమ్మల్ని మా అమ్మాయి ఫోనుతో తీసి పెట్టేదాన్ని. పన్నెండు ఫోటోలకే చోటిచ్చేది ఆ సైటు. పదమూడోది పెట్టాలంటే పాతది ఒకటి తీసేయాలి. బోర్డు తుడవడం అలవాటైన చెయ్యి కనుక అదేమీ కష్టమనిపించలేదు. పాఠం అయిపోతే తుడిచేయడమే కదా.

పేజీలో ప్రశ్నలు రావడం మొదలైంది. అన్నీ బాయిలరన్న ఐడీ నుంచే, గులాబీ పువ్వు బొమ్మతో. ఉదయం ఏడింటికి ఒక ప్రశ్న, మధ్యాహ్నం మూడింటికి ఇంకొకటి. మర్నాడు మళ్లీ. ప్రశ్నలు కూడా చిన్నవి కావు. ఒకటి ఆర్గానిక్, ఒకటి ఫిజికల్, ఒకటి అసలు సిలబస్‌లోనే లేనిది. ఈయన బాయిలర్ ఎప్పుడు చూసుకుంటాడు, నిద్ర ఎప్పుడు పోతాడు అని ఆశ్చర్యపోయేదాన్ని. ఇరవై ఏళ్లలో ఇలాంటి విద్యార్థి దొరకలేదని ఫిజిక్స్ సారుతో గొప్పలు కూడా చెప్పుకున్నాను. ఒక ఆదివారం బాయిలరన్న కనబడితే అందరి ముందూ మెచ్చుకున్నాను. ఆయన తల గోక్కుంటూ, “నేనొక్కణ్నే కాదు మేడం,” అన్నాడు. వినయం అనుకుని మురిసిపోయాను.

ఆమె ఐడీ మాత్రం పేజీలో ఎక్కడా లేదు. గుమ్మడిదలలో నెట్టు ఎక్కడుంటుంది పాపం అనుకుని, ఇదంతా ఆమెకు అందడం లేదని బెంగపడ్డాను. నేనే ఆమె కోసం మొదలుపెట్టినట్టు నాకు అనిపించేది. పైకి ఎవరితోనూ అనలేదు.

అసైన్‌మెంటు రాయించే రోజులు దగ్గరపడ్డాయి. అందులో పాసయితేనే ఆ పేపరుకు యూనివర్సిటీ హాల్‌టికెట్టు ఇచ్చేది. ఒక సాయంత్రం నెట్ సెంటర్లో కూర్చుని నార్మాలిటీ, అంటే ద్రావణం గాఢత లెక్క ఒకటి విడమర్చి చేసి చూపించాను. సగంలో ఉండగా కరెంటు పోయింది. ఇన్వర్టర్ కీచుకీచుమంటోంది. “జల్దీ కొట్టుండ్రి మేడం, ఇది ఐదు నిమిషాలే ఆగుతది,” అన్నాడు పెద్దమనిషి. గబగబా కొట్టేసి, తిరిగి చదవకుండానే పేజీలో పెట్టేసి లేచాను.

రెండు రోజుల తర్వాత తెరిస్తే పేజీ నిండా చెత్త. మా క్లాసు పేజీలో ఎవరైనా చేరొచ్చు. ముక్కూ మొహం తెలియనివాళ్లు ఎవరెవరో చేరి సూర్యోదయాల బొమ్మలు, శుభోదయాలు, ఈ సందేశం పదిమందికి పంపకపోతే కీడు జరుగుతుందనే బెదిరింపులు నింపి పెట్టారు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. నా లెక్క కింద ఉన్నదాన్ని ఉన్నట్టు, ఒక్కటీ చదవకుండా, వరసగా తీసిపారేశాను. పేజీ శుభ్రంగా కనబడింది. తృప్తిగా బస్సెక్కాను.

ఆ తర్వాతి వారం అసైన్‌మెంటు కాగితాలు వచ్చాయి. ఆదివారం రానివాళ్లవి వచ్చినవాళ్లు పట్టుకొచ్చారు. ఒక ప్రశ్న ఇదీ: పావు లీటరు 0.1 నార్మల్ సల్ఫ్యూరిక్ యాసిడ్ చేయాలంటే ఎన్ని గ్రాముల యాసిడ్ కావాలి? ఆ యాసిడ్ అణుభారం 98. దాంట్లో రెండు హైడ్రోజన్లు ఉంటాయి కనుక ఈ లెక్కకు 98ని రెండుతో భాగించి 49 తీసుకోవాలి. ఇంటర్ పిల్లలకు కూడా వచ్చే సంగతి. జవాబు 1.225.

మొదటి కాగితంలో 2.45 అని ఉంది. 98ని భాగించకుండా అలాగే వేశాడు. రెండో కాగితంలో 2.45. మూడో దాంట్లోనూ అంతే. పదకొండు కాగితాల్లోనూ 2.45. వరసలు కూడా ఒకటే, మూడో వరసలో 98 రాసిన చోటు కూడా ఒకటే. రోజూ ఫ్యాక్టరీల్లో పనిచేసే మనుషులు పదకొండు మంది ఒకే తప్పు ఎలా చేస్తారు? ఒకడు రాశాడు, మిగతా పదిమంది దింపారు. ఇంకేముంది. ఆదివారం వాళ్లు నిద్రమొహాలతో కూర్చున్నదీ, నేను బస్సులు పట్టుకుని నెట్ సెంటర్ల చుట్టూ తిరిగిందీ అన్నీ కలిసి వచ్చాయి. మొదటి పేజీ మీదే ఎర్ర సిరాతో సున్నా వేశాను. ఒకటి తర్వాత ఒకటి, పదకొండు సున్నాలు. రెండో పేజీ తిప్పనైనా లేదు. ఆమె కాగితం వచ్చినప్పుడు చెయ్యి ఒక్క క్షణం ఆగింది. నువ్వు కూడానా అనుకుని, దాని మీద ఇంకా పెద్ద సున్నా వేశాను.

మార్కుల షీటు స్టడీ సెంటర్ గుమస్తాకు ఇచ్చేశాను. ఆయన అదే రోజు సీలు వేసి హైదరాబాదుకు పంపించాడు. నేను అక్కడితో ఆగానా? పటాన్‌చెరు వెళ్లి పేజీలో అందరూ చదివేలా రాశాను. పదకొండు మందికీ కలిపి ఒకే బుర్ర ఉన్నట్టుంది, కనుక ఒకే సున్నా పదకొండు మందీ పంచుకోండి అని. ఆ వాక్యం చాలా బాగా కుదిరిందని అప్పుడు అనుకున్నాను కూడా.

పేజీలో చప్పుడు లేదు. ఉదయం ఏడింటి ప్రశ్న రాలేదు, మధ్యాహ్నం మూడింటిదీ రాలేదు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు ఎవరో ఒకరు సంజాయిషీ ఇస్తారనుకున్నాను. ఎవరూ ఏమీ అనలేదు. గులాబీ పువ్వు నాలుగు రోజులు కనబడకపోయేసరికి నాకే ఏదోలా ఉంది.

బుధవారం మధ్యాహ్నం ఆమె స్టాఫ్‌రూముకు వచ్చింది. గుమ్మడిదల నుంచి రెండు బస్సులు మారి వచ్చింది. చేతిలో సంచీ, సంచీలో గోధుమరంగు అట్ట వేసిన పొడుగాటి నోట్‌బుక్కు. కూర్చోమన్నా కూర్చోలేదు.

“కాపీ కొట్టలే మేడం,” అంది.

“పదకొండు మంది ఒక్కటే తప్పు రాసిన్రు. దాన్నేమంటరు మరి?”

ఆమె నోట్‌బుక్కు తెరిచి నా ముందు పెట్టింది. ప్రతి పేజీకీ స్కేలుతో గీసిన గీతలు. పైన తేదీ, షిఫ్టు. మధ్యలో నేను పేజీలో రాసిన పాఠం, అక్షరం పొల్లుపోకుండా, తెలుగులోకి మార్చి. నేను తీసేసిన ఫోటోలు కూడా ఉన్నాయి, పెన్సిలుతో చూసి వేసిన బొమ్మలుగా. అడుగున రెండు గడులు. ఒకటి ఇచ్చినవారు, ఒకటి తీసుకున్నవారు. రెండింట్లోనూ పొడి అక్షరాల సంతకాలు. చేతిరాత పేజీకొకటి మారుతోంది.

“ఐడీ ఒక్క బాయిలరన్నకే ఉన్నది,” అని చెప్పింది. “షిఫ్టు దిగినోళ్లు నెట్టుకు పోయి, మీరు రాసింది ఇండ్ల ఎక్కిస్తరు. మాకు అనుమానమున్నది అడుగుతరు. బొల్లారం చౌరస్త కాడ అన్ని కంపెనీల బస్సులు ఆగుతయి గద, ఆడ షిఫ్టు ఎక్కేటోళ్లకు బుక్కు అప్పజెప్తరు. మెషీను అప్పజెప్పినట్టే మేడం. నేను బుధారం బుధారం ఇంటికి తెచ్చుకుంట.”

అంటే ఉదయం ఏడింటికి అడిగింది ఒకరు, మూడింటికి అడిగింది ఇంకొకరు. నిద్రపోని ఆ ఒక్క విద్యార్థి పదకొండు మంది. ఆర్గానిక్‌లో ఆ కష్టమైన ప్రశ్న ఎవరిదని అడిగాను. “గది నాదే మేడం,” అంది.

తర్వాత నా నార్మాలిటీ లెక్క ఉన్న పేజీ తిప్పింది. మూడో వరసలో 98 అని ఉంది. పక్కన చిన్న పెన్సిలు చుక్క. అంచున ఆమె చేతిరాత: ‘మేడంను అడగాలె.’ దాని కింద మర్నాటి తేదీ వేసి ఇంకొకరి చేతిరాత: ‘అడిగినం.’ దాని కింద రెండు రోజుల తర్వాతి తేదీ: ‘మేడం తీసేసిన్రు. ఉన్నది ఉన్నట్టే రాయాలె.’

నాకు అర్థం కావడానికి అరనిమిషం పట్టింది. 98 రాసింది నేను. ఇన్వర్టర్ కీచుమంటుంటే రెండుతో భాగించడం మరిచి పేజీలో పెట్టేసింది నేను. వాళ్లు చూశారు, అడిగారు. సూర్యోదయాల బొమ్మలతో పాటు ఆ ప్రశ్ననూ ఊడ్చిపారేసిందీ నేనే.

“చూడక తీసేసిన,” అన్నాను.

“మేం గట్లనుకోలే మేడం. మీరు సూసే తీసేసిన్రనుకున్నం. ఇగ అడుగొద్దని చెప్పినట్టే అనుకున్నం.”

“తప్పని తెలిసి ఎందుకు రాసిన్రమ్మా? 49 వేస్తే పోయేది కదా.”

“రాసినోళ్లే దిద్దాలె మేడం,” అంది, ఇది కూడా తెలియదా అన్నట్టు. “మా కాడ గట్లనే. తప్పు కనవడితే పైకి చెప్పాలె, మనం కొట్టేయొద్దు. ఎవరు రాసిన్రో వాళ్లే ఒక్క గీత గియ్యాలె, కిందున్నది కనవడేటట్టు. పక్కన సరైంది రాసి సంతకం, తారీకు ఎయ్యాలె. వైట్నర్ ముట్టనే ముట్టొద్దు. ముడితే నౌకరి పోతది.” తర్వాత నెమ్మదిగా అంది. “నా కాయిదం ఎన్క పేజీ సూసిన్రా మేడం?”

బీరువాలోంచి కాగితాలు తీశాను. ఆమె కాగితం వెతికి, నా పెద్ద సున్నా ఉన్న పేజీ తిప్పాను. రెండో పేజీ అడుగున సన్నగా రాసి ఉంది: ‘49 పెడితే 1.225 వస్తది. మేడం సంతకం కావాలె.’

నాకు సిగ్గేసింది. ఇప్పుడు రాస్తున్నా వేస్తోంది. ఆమె ఏడవలేదు, నన్ను ఒక్క మాటా అనలేదు. నోట్‌బుక్కు సంచీలో పెట్టుకుంటూ, “ఈసారి హాల్‌టికెట్టు రాకపోతే ఇగ ఆ రెండో గడి నాకు లేదు మేడం. జెర సూడుండ్రి,” అంది. బస్సు వేళవుతోందని వెళ్లిపోయింది.

మూలన కూర్చుని ఇదంతా విన్న ఫిజిక్స్ సారు కుర్చీ దగ్గరకు లాక్కుని కూర్చున్నాడు. మంచివాడు, నా మీద జాలితోనే చెప్పాడు. “మేడం, పరేషాన్ కాకుండ్రి. మార్కులు ఎట్లనన్న దిద్దిద్దాం. ఆ పేజీల లెక్క మాత్రం మీరు తీసేయుండ్రి. తిట్టింది కూడ తీసేయుండ్రి. అయిపాయె. ఎవరు సూసిన్రు?”

సాయంత్రం నెట్ సెంటర్లో కూర్చున్నాను. సారు చెప్పిన పని చాలా తేలిక. రాసినదాని మీద గీత గీసే వీలు ఆ సైటులో లేదు, తీసేసే వీలు మాత్రం ఉంది. ఒక్కసారి నొక్కితే 98 అనే అంకె ఎప్పుడూ లేనట్టే. బాణం గుర్తు దాని మీద పెట్టి చాలాసేపు కూర్చున్నాను. నా పేరు చూసి ఆ పేజీలోకి కాలేజీ పిల్లలు కూడా వస్తున్నారు, మా ప్రిన్సిపాల్ కొడుకు కూడా ఉన్నాడు. కెమిస్ట్రీ మేడంకు సల్ఫ్యూరిక్ యాసిడ్ లెక్క రాదంటే ఊరంతా నవ్వుతుంది. అన్నీ ఆలోచించాను. ఆ నోట్‌బుక్కులో పెన్సిలు చుక్క కూడా గుర్తొచ్చింది. మూడు వారాలుగా అది నా సంతకం కోసం ఎదురుచూస్తోంది.

లెక్క అలాగే ఉంచి దాని కింద రాశాను. మొదట, కరెంటు పోయిన తొందరలో పొరపాటు జరిగింది అని మొదలుపెట్టాను. చదువుకుంటే సాకులా ఉంది. కొట్టేసి మళ్లీ రాశాను. పైన మూడో వరసలో 98 తప్పు, 49 అని ఉండాలి, తప్పు నాది. కింద నా పొడి అక్షరాలు, తారీకు. ఆ తర్వాత నా తిట్టు కిందకు వచ్చాను. పదకొండు మంది కాపీ కొట్టారన్నది తప్పు, వాళ్లు తప్పు పట్టుకుని నన్ను అడిగారు, నేను చూడలేదు. అక్కడ కూడా పొడి అక్షరాలు, తారీకు. పెద్దమనిషి వెనక నుంచి చదివినట్టున్నాడు. ఒక చాయ్ తెప్పించి ఇచ్చాడు.

రాత్రి పదకొండు కాగితాలూ మొదటి నుంచీ మళ్లీ దిద్ది, మర్నాడు కాలేజీకి సెలవు పెట్టి హైదరాబాదు వెళ్లాను. యూనివర్సిటీలో ఆ షీటు ఉన్న సెక్షన్ దొరకడానికే మధ్యాహ్నమైంది. అక్కడి ఆఫీసరు నా కథ విని, కొత్త షీటు ఇస్తాను, శుభ్రంగా రాసివ్వండి, పాతది చింపేద్దాం అన్నాడు. దిద్దితే అనుమానాలు వస్తాయట. ఎంత సేపు చెప్పినా నేను వినలేదు. ఎర్ర పెన్ను అడిగి తీసుకున్నాను. సున్నా కనబడేలా దాని మీద ఒక్క గీత, పక్కన మార్కులు, సంతకం, తారీకు. అలా పదకొండుసార్లు. కారణం రాయమంటే, బోధకురాలి పొరపాటు అని రాశాను. “ఇట్లా రాసిచ్చినవాళ్లను నేను చూడలేదు మేడం,” అన్నాడాయన. నేనూ మొన్నటిదాకా చూడలేదని చెప్పాను.

ఆ వారం చివర్లో పేజీ తెరిస్తే గులాబీ పువ్వు కనబడింది. ఒక్కటే మాట: ‘తీసుకున్నం మేడం.’ నోట్‌బుక్కులో అడుగు గడిలో రాసే మాట. ఆ మాట చదివి నాకు ఏడుపొచ్చింది. ఏమైందని పెద్దమనిషి అడిగితే కళ్లలో ఏదో పడిందన్నాను. మర్నాడు ఉదయం ఏడింటికి మామూలుగా ప్రశ్న వచ్చింది, మధ్యాహ్నం మూడింటికి ఇంకొకటి.

పరీక్షలు అయ్యాయి. ఫలితాలు వచ్చినప్పుడు ఆమె నంబరు వెతికాను. ఉంది. బాయిలరన్నది కూడా ఉంది, ఇంకో ఆరుగురివి ఉన్నాయి. ఆ తర్వాత ఆమె ఎవరికీ కనబడలేదు. పాసైనవాళ్లు స్టడీ సెంటర్‌కు రావలసిన పని లేదు కదా. ల్యాబులోకి ఎవరిని తీసుకున్నారో బాయిలరన్నకు కూడా తెలియదు, ఆయనది వేరే కంపెనీ. ఎండాకాలం వెళ్లింది, వానలు పడ్డాయి. కొత్త పేర్లు రిజిస్టర్లోకి వచ్చాయి. నేను మాత్రం పటాన్‌చెరు బస్సు మానలేదు. పేజీలో దేన్ని తీసేయాలన్నా రెండుసార్లు చదివే అలవాటు పడింది. శుభోదయాలు కూడా చదివేదాన్ని. పదిమందికి పంపకపోతే వచ్చే కీడు గురించి కూడా.

ఒక సాయంత్రం కొత్తవాళ్ల కోసం ఇంకో లెక్క చేసి పెట్టాను. రెండుసార్లు చదివే పెట్టాను. మూడు రోజులకు తెరిస్తే దాని కింద ఏదో కొత్త ఐడీ నుంచి జవాబు ఉంది. ఫోటో లేదు, పేరు స్థానంలో ఒక్క అక్షరం.

‘మేడం, నాలుగో వరుసల పాయింటు ఒక స్థానం ఇటు జరిగింది. జెర సూడుండ్రి.’

దాని కింద, విడిగా, ఒక వరస ఉంది.

‘తనిఖీ చేసినది:’ అని రాసి రెండు పొడి అక్షరాలు, తారీకు.

నాలుగో వరస చూశాను. నిజమే, పాయింటు జరిగింది. ఆ పొడి అక్షరాలు నాకు తెలుసు. గోధుమరంగు నోట్‌బుక్కులో బుధవారం నాటి పేజీలన్నిటి అడుగునా అవే ఉండేవి. నా ముక్కు మీద కోపం ఆ రోజు ఎటు పోయిందో గానీ, ఒక్కదాన్నే కూర్చుని నవ్వుకున్నాను. తప్పు దిద్ది, పొడి అక్షరాలు, తారీకు వేశాను.

ఆ తర్వాత ఆ పేజీలో ఏ పాఠం పెట్టినా అడుగున రెండు వరసలు రాసేదాన్ని. చేసినది అని మొదటి వరస, దాని పక్కన నా సంతకం. తనిఖీ చేసినది అని రెండో వరస. అది ఆమె వచ్చేదాకా ఖాళీగా ఉంచేదాన్ని.